అల్లుడికి మందుచీటీ పాఠాలు



మదురై మెడికల్ కాలేజీలో చదువూ, రాజాజీ ఆసుపత్రిలో హౌస్ సర్జన్సీ ముగించుకుని కోయంబత్తూరు వచ్చేస్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. సంతోషం. అవినాశి రోడ్డు పక్క సందులో మన నర్సింగ్ హోమ్, కింద మీ అత్త పేరు మీదున్న మందుల షాపు, పక్కనే ల్యాబు, అన్నీ రేపు నువ్వు చూసుకోవలసినవే. కానీ పానగల్ రోడ్డులో నేర్చుకున్న అలవాట్లన్నీ మూటగట్టుకుని వస్తావేమోనని నాకు గుబులుగా ఉంది. మొన్న దీపావళికి వచ్చినప్పుడు ఒక గంట నా కుర్చీలో కూర్చోబెడితే ఏం చేశావు? జలుబుతో వచ్చిన పిల్లాడికి పారాసిటమాల్ సిరప్ ఒకటి రాసి, జ్వరం ఉంటేనే పట్టండి, మూడు రోజుల్లో తగ్గకపోతే రండి అని పంపేశావు. వాళ్ళ నాయన ఆ చీటీ పట్టుకుని షాపు ముందు నిలబడి, రెండో కాగితం డాక్టరు దగ్గరే ఉండిపోయిందేమో చూడమని మీ అత్తను అడిగాడు.

అందుకే ఈ ఉత్తరం. తెలుగు అక్షరాలు సొంతంగా నేర్చుకున్నావని విని తెలుగులోనే రాస్తున్నాను. నేను తిరుపతిలో చదివాను గనుక నాకు రాయడం వచ్చు. మీ నాయన చెప్పుకున్నట్టు మదురై నాయక రాజు విశ్వనాథుడి వెంట వచ్చినవాళ్ళయినా, మా కోయంబత్తూరు పీళమేడు వైపు వాళ్ళయినా, మన ఇళ్ళలో తెలుగు మాట్లాడతారే గానీ చదవగలిగినవాళ్ళు తక్కువ. ఈ కాగితాలు షాపు బల్ల మీద మరిచిపోయినా ప్రమాదం ఉండదు.

ముందు ప్రశ్నపత్రం పాసవ్వు

అప్పుడప్పుడూ ఏదో ఒక కాలేజీ నుంచి ఫార్మకాలజీ చదివే పిల్ల ప్రశ్నల కాగితం పట్టుకుని వస్తుంది. మందులు హేతుబద్ధంగా రాయడం గురించి డాక్టర్లకు ఎంత తెలుసు, ఏమనుకుంటారు, ఎలా రాస్తారు అని సర్వే. ఆ పిల్లను చూసి కంగారు పడకు. జవాబులన్నీ నీకు కంఠతా వచ్చినవే. 1985లో నైరోబీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన సభలో తేల్చిన నాలుగు మాటలు చెప్పు: రోగి అవసరానికి తగ్గ మందు, ఆ మనిషికి సరిపోయే మోతాదు, కావలసినన్ని రోజులు, అతనికీ ఊరికీ వీలైనంత తక్కువ ఖర్చు. అత్యవసర మందుల తొలి జాబితా 1977లో వచ్చిందని చెప్పు. 1993లో వాళ్ళే ఇచ్చిన కొలతలూ చెప్పు: చీటీకి సగటున ఎన్ని మందులు, వాటిలో ఎన్ని అసలు పేరుతో రాశారు, నూటికి ఎందరికి యాంటీబయోటిక్ ఇచ్చారు, ఎందరికి సూది వేశారు, జాబితాలో ఉన్నవి ఎన్ని. చీటీకి రెండు లోపే ఉంటే మంచిదంటారని కూడా చేర్చు. ఆ పిల్ల ముఖం వెలిగిపోతుంది.

జ్ఞానంలో నూటికి నూరు పడతాయి. వైఖరి అడిగే ప్రశ్నల్లో ప్రతిదానికీ ‘పూర్తిగా అంగీకరిస్తాను’ అని పెట్టు. ఆచరణ దగ్గర మాత్రం జాగ్రత్త. ‘జెనరిక్ పేరుతో రాస్తారా?’ అన్నదానికి ‘ఎప్పుడూ’ అని టిక్కు పెడితే నమ్మరు, ‘తరచు’ అని పెట్టు. నేను అలాగే పెడతాను. ఇలాంటి సర్వే ఎక్కడ జరిగినా చివరికి తేలేది ఇంచుమించు ఒకటే, డాక్టర్లకు అవగాహన బాగుంది, ఆచరణ మాత్రం అంతంత మాత్రం అని. ఆ పైన ఇంకా శిక్షణ తరగతులు పెట్టాలని సిఫారసు రాస్తారు. శిక్షణ తరగతి అంటే మధ్యాహ్నం భోజనం బాగుంటుంది, వెళ్ళిరా. తెలియక రాస్తున్నామనుకున్నంత కాలం మనకు నష్టం లేదు.

చీటీలు చూపించమంటే, రోగులు పట్టుకెళ్ళారమ్మా అను. షాపు గుమ్మం దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్ళ చీటీలు లెక్కపెడతానంటే మాత్రం మీ అత్తకు చెప్పి లోపల కూర్చోబెట్టి కాఫీ ఇప్పించు.

ఐదు వాటాలు

మన పీళమేడు కథ నీకు తెలుసు. పి.ఎస్. గోవిందస్వామి నాయుడు కొడుకులు నలుగురు 1926లో ఆస్తి పంచుకునేటప్పుడు నాలుగు భాగాలు కాకుండా ఐదు చేశారు. ఐదోది ధర్మానికి. ఆ వాటా మీద మొలిచినవే పి.ఎస్.జి. బడులూ, కాలేజీలూ, తర్వాత వచ్చిన మెడికల్ కాలేజీ. 1910లో లక్ష్మీ మిల్స్ పెట్టిన జి. కుప్పుస్వామి నాయుడు పేరుతో 1952లో పాపనాయకన్ పాళయంలో ఆసుపత్రి వచ్చింది. మిల్లుల్లో దుడ్లు సంపాదించి ఆసుపత్రులు కట్టిన వంశాలవి. మనం ఆసుపత్రిలో దుడ్లు సంపాదించే తరం వాళ్ళం గనుక పంపకం కొంచెం మార్చుకున్నాం.

మన చీటీలోనూ ఐదు వాటాలే. మొదటిది రోగానికి. రెండోది రోగి తృప్తికి, అంటే టానిక్కో విటమిన్ బిళ్ళో. మూడోది నా భయానికి. నాలుగోది షాపు అద్దెకి. ఐదోది పోయినవారం వచ్చి రెండు గంటలు బయట బెంచీ మీద పడిగాపులు కాసిన మెడికల్ రెప్రజెంటేటివ్ పిల్లాడికి. పాపం వాడికి ఇంట్లో చిన్నపిల్లలు. రోగం వాటా దాదాపు ప్రతిసారీ అందరికన్నా చవక. మిగతా నాలుగూ కలిసి దాన్ని పోషిస్తున్నాయని నేననుకుంటాను, రోగి ఏమనుకుంటాడో ఎప్పుడూ అడగలేదు.

పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర ఏ వాటాలోదో అడగకు. అది చీటీకి పిళ్ళయార్ సుళి. తమిళులు కాగితం పైన ఆ చుట్ట చుట్టనిదే ఏదీ మొదలుపెట్టరు, మనం పాంటోప్రజోల్ రాయనిదే మొదలుపెట్టం. పదిహేను రోజులకని రాసింది పదిహేనేళ్ళుగా వేసుకుంటున్న ముసలమ్మలు మన దగ్గరే ఉన్నారు. ఏళ్ళ తరబడి వేసుకుంటే బి12, మెగ్నీషియం తగ్గుతాయని, ఎముకలకూ మంచిది కాదని పుస్తకాల్లో ఉంది. తగ్గితే వాటికీ బిళ్ళలున్నాయి.

పసుపుపచ్చ సీసా

సూలూరు నుంచి, కలంగల్ నుంచి మనవాళ్ళు వస్తారు. మిల్లులో ఒకపూట కూలి పోగొట్టుకుని, రెండు బస్సులు మారి వచ్చిన మనిషి ‘ఒళ్ళు రొంబ నొస్తాది, ఒక సూది ఏయి నాయనా’ అంటాడు. వైరల్ జ్వరం ఇది, దానంతటదే పోతుంది అని చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. సూది వెయ్యడానికి అర నిమిషం. బయట ఎనభై టోకెన్లు ఉన్నాయి. లెక్క నువ్వే వేసుకో.

నీరసం అన్నవాళ్ళకు గ్లూకోజు పెట్టు. ఐదు శాతం డెక్స్‌ట్రోజ్ అర లీటరు సీసాలో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. ఒక అరటిపండు తిన్నా ఇంచుమించు అంత పిండిపదార్థం వస్తుంది. ఈ సంగతి రోగికి చెబితే అతను గాంధీపురం బస్టాండులో డజను పళ్ళు కొనుక్కుని ఇంటికి పోతాడు. చెప్పకు. సీసాలో బి కాంప్లెక్స్ ఆంప్యూల్ ఒకటి విరిచి వెయ్యి. నీళ్ళు పసుపుపచ్చగా మారతాయి. తెల్ల సీసాకు రానంత గౌరవం పచ్చ సీసాకు వస్తుంది. రెండు గంటలు మంచం మీద పడుకుని, ఫ్యాను కింద, భార్య పక్కన కూర్చుని విసురుతుంటే ఎవరికైనా నెమ్మదిస్తుంది. ఆ పేరు సీసాకు వెళ్తుంది.

మధుమేహం ఉందో లేదో ముందు అడగవలసిన పనిలేదు. సీసా ఎక్కాక ల్యాబులో చూస్తే ఎలాగూ చక్కెర ఎక్కువే కనబడుతుంది, అప్పుడు ఇన్సులిన్ ఇద్దాం.

సూది మందు అనగానే డైక్లోఫెనాక్. ఈ మందు కడుపులో పుండ్లు పుట్టిస్తుంది, మూత్రపిండాలు బాగాలేనివాళ్ళకు చేటు, పిర్రలో తప్పుచోట దిగితే కాలు ఈడ్చుకునేలా నరం దెబ్బతింటుంది. పశువులకు వేస్తే కళేబరం తిన్న రాబందులు చస్తున్నాయని 2006లో పశువుల డైక్లోఫెనాక్ ఆపేశారు. మనుషుల సీసాలు పశువులకు మళ్ళుతున్నాయని 2015లో పెద్ద సీసాలు ఆపి మూడు మిల్లీలీటర్లకు కుదించారు. మన పక్కనే మోయారు లోయలో మిగిలిన కాసిని రాబందుల కోసం ఇంత గొడవ చేసినవాళ్ళు సూలూరు ముసలాయన మూత్రపిండాల జోలికి ఇంతవరకూ రాలేదు. అదృష్టం.

యాంటీబయోటిక్: కొంచెం వివరంగా

దీన్ని నువ్వు అపార్థం చేసుకున్నావు. పుస్తకం ప్రకారం యాంటీబయోటిక్ బాక్టీరియాను చంపే మందు. మన దగ్గర అది రోజూ చెయ్యవలసిన చాలా పనులకు బదులు మందు.

హెర్నియా కేసు తీసుకో. శుభ్రమైన ఆపరేషన్. కోతకు ముందు గంటలోపు ఒక మోతాదు చాలునని, ఆపరేషన్ అయ్యాక కొనసాగిస్తే ఒరిగేదేమీ లేదని మార్గదర్శకాలు చెబుతాయి. మనం ఐదు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఎక్కించి, ఇంటికి పంపేటప్పుడు ఇంకో ఐదు రోజులకు మాత్రలిస్తాం. ఎందుకంటే థియేటర్లో గాలి ఫిల్టరు మార్చాలి, స్టెరిలైజర్ సరిగ్గా పనిచేస్తోందో లేదో వారం వారం చూడాలి, డ్రెస్సింగ్ చేసే ప్రతిసారీ అందరూ చేతులు కడుక్కోవాలి. వీటి ఖర్చు నా జేబులోంచి పోతుంది. ఐదు రోజుల ఇంజెక్షన్ల ఖర్చు రోగి బిల్లులో పోతుంది. నీకు కామర్స్ రాకపోయినా ఇది అర్థమవుతుంది.

కల్చర్ పరీక్షకు రక్తం పంపాలనుకుంటే తప్పకుండా పంపు. కాకపోతే యాంటీబయోటిక్ మొదలుపెట్టిన మర్నాడు పంపు. రెండు మూడు రోజులాగి ‘ఏ క్రిమీ పెరగలేదు’ అని రిపోర్టు వస్తుంది. మందు పనిచేస్తోందని బంధువులకు అదే చూపించవచ్చు. పొరపాటున ముందే పంపి, రిపోర్టులో మామూలు చవక మందు చాలునని వచ్చిందనుకో, పెద్ద మందు ఆపి చిన్నదానికి మారమంటారు. అలా ఎప్పుడూ మారకు. ఐసీయూలో ఉన్న మనిషికి మందు తగ్గించావంటే, నువ్వు ఆశ వదిలేసుకున్నావని కారిడార్‌లో ఉన్న పెద్ద బావ అనుకుంటాడు. ఐసీయూలో అసలు నిర్ణయాలు పెద్ద బావవే.

2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయోటిక్‌లను మూడు గుంపులు చేసింది: మొదట వాడవలసినవి, కనిపెట్టి వాడవలసినవి, చివరి అక్కరకు దాచవలసినవి. మన షాపులో మొదటి గుంపు కింది అరలో వెనక్కి ఉంటుంది, దుమ్ము దులిపే అమ్మాయికి తప్ప ఎవరికీ అందదు. అమాక్సిసిలిన్ రాస్తే, ఇది మా పక్కింటాయన కూడా రాస్తాడు అంటారు రోగులు. 2010లో చెన్నై నమూనాల్లో కూడా ఎన్‌డీఎమ్ అనే మొండి జన్యువు దొరికిందని లాన్సెట్ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ పత్రికలో వచ్చినప్పుడు దేశం పరువు పోయిందని అందరం కోప్పడ్డాం. 2012లో చెన్నైలోనే దేశంలోని పలు వైద్య సంఘాలు కూర్చుని చెన్నై డిక్లరేషన్ అని ఒకటి రాశాయి. అందులో మాటలన్నీ సబబైనవే. మా సంఘం సావనీరులోనూ వేశాం, ఎదుటి పేజీలో ఒక యాంటీబయోటిక్ కంపెనీ రంగుల ప్రకటనతో.

షెడ్యూల్ హెచ్1 రిజిస్టరు సంగతి: 2014 మార్చి 1న 46 మందులతో మొదలైన జాబితా అది, వాటికి షాపువాళ్ళు విడిగా పుస్తకం పెట్టాలి, రోగి పేరు, డాక్టరు పేరు, ఎన్ని ఇచ్చారో రాయాలి, మూడేళ్ళు దాచాలి. మీ అత్త దాన్ని నెలకొక ఆదివారం సీరియల్ చూస్తూ ఒకే పెన్నుతో నింపేస్తుంది. నువ్వు తలదూర్చకు.

చేతిరాత

మెడికల్ కౌన్సిల్ 2016లో నియమం మార్చి, మందుల్ని అసలు పేర్లతో, స్పష్టంగా, వీలైతే పెద్దక్షరాల్లో రాయమంది. 1975లో హాథీ కమిటీ నుంచీ ఇదే పాట. 2023 ఆగస్టు 2న నేషనల్ మెడికల్ కమిషన్ ఇంకా గట్టిగా చెప్పింది. డాక్టర్లు గోల చేసేసరికి అదే నెల 23న పక్కన పెట్టేసింది. మూడు వారాలు నేను రోజూ పొద్దున్నే పేపరు మొదటి పేజీ చూసేవాణ్ణి. జెనరిక్ నాణ్యత ఎవరు చూశారు అని మేం అడిగింది మంచి ప్రశ్నే, అల్లుడూ. నాణ్యత గట్టిగా చూడండి అని మాత్రం మేం అడగలేదు, మా పేర్లు మాకు వదిలెయ్యండి అని అడిగాం.

చీటీ ఎలా రాయాలంటే, కింద మీ అత్తకు తప్ప పై వీధి షాపువాడికి అర్థం కాకూడదు. ఒకే అక్షరంతో మొదలయ్యే బ్రాండ్లు రెండుంటే మొదటి అక్షరం రాసి తర్వాతది గీత లాగెయ్యి. అర మిల్లీగ్రాము రాయాలంటే ముందు సున్నా పెట్టకు, చుక్క పెట్టి ఐదు వెయ్యి, చుక్క కనబడకపోతే ఐదవుతుంది. ఐదు రాయాలంటే వెనక చుక్కా సున్నా చేర్చు, యాభై అవుతుంది. ఇన్సులిన్ ‘యూనిట్లు’ అని పూర్తిగా రాయక ఇంగ్లీషు ‘యు’ ఒక్కటి పెడితే అదీ సున్నాలాగే కనిపిస్తుంది. నాలుగు యూనిట్లు నలభై అయిన చోట్లు ప్రపంచమంతటా ఉన్నాయి. ఈ మూడూ రాయవద్దని పెద్ద ఆసుపత్రుల్లో గోడకు అంటిస్తారు. మన గోడ మీద తిరుపతి వెంకటేశ్వరుడున్నాడు, చాలు.

తెలుగు ఎప్పుడు మాట్లాడాలి

ఇది మన ఊళ్ళకే చెల్లిన విద్య. లోపలికి రాగానే ‘రాండి అవ్వా, బాగుండారా, మనవరాలు పెండ్లి అయ్యిందా’ అని తెలుగులో పలకరించు. తమిళంలో రోగం చెప్పుకుని చెప్పుకుని అలిసిన మనిషి ముఖం విప్పారుతుంది. డాక్టరు మనవాడే అనుకుంటుంది. అక్కడితో తెలుగు ఆపెయ్యి. మందు గురించి మాట్లాడేటప్పుడు ఇంగ్లీషులోకి వెళ్ళిపో. ఏ మాత్ర ఎందుకు, ఎన్నాళ్ళు, ఏం తేడా వస్తే ఆపాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి అనే సంగతులు ఆమె భాషలో చెప్పావంటే ఆమె ప్రశ్న అడుగుతుంది. ‘ఈ రెండూ ఒకటే కదా నాయనా, ఇంట్లో ఇంకో చీటీ ఉందే’ అంటుంది. ఆ రెండో చీటీ బయటికి వచ్చిందంటే, ముగ్గురు డాక్టర్లం ఒకే నొప్పిమందును మూడు పేర్లతో రాశామని తెలిసిపోతుంది.

మీ ప్రొఫెసర్లు ఇచ్చిన 1994 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ చీటీ రాసే పుస్తకంలో ఆరు మెట్లుంటాయి: రోగమేదో తేల్చు, ఏం సాధించాలో అనుకో, మందు ఈ మనిషికి తగినదేనా చూడు, రాయి, వివరంగా చెప్పు, తర్వాత కనిపెట్టి ఉండు. మనది ఒక్క మెట్టు. నాలుగోది.

వాపు కథ

రక్తపోటుకు అమ్లోడిపిన్ రాశావనుకో. కొందరికి పాదాలు వాస్తాయి. ఇది మందు వల్ల అని గుర్తిస్తే మందు మార్చాలి, కథ అక్కడితో ముగుస్తుంది. గుర్తించకు. వాపుకు నీటి మాత్ర రాయి. దానివల్ల యూరిక్ ఆమ్లం పెరిగి బొటనవేలు ఎర్రబడుతుంది. దానికి నొప్పిమాత్ర. నొప్పిమాత్ర వల్ల రక్తపోటు పెరుగుతుంది. అప్పుడు అమ్లోడిపిన్ రెట్టింపు చెయ్యి. ఒక్క మందుతో వచ్చినాయన ఆరు నెలల్లో మూడు మందులతో, మన శాశ్వత అతిథిగా, ‘డాక్టరయ్య ఎంతో శ్రద్ధగా చూస్తాడు’ అని పదిమందికి చెబుతూ తిరుగుతాడు.

మందు వికటిస్తే తెలియజెయ్యడానికి 2010 నుంచి దేశమంతటా ఒక కార్యక్రమం ఉంది, వైద్య కళాశాలల్లో కేంద్రాలున్నాయి, ఫారం ఒక పేజీయే. మన సొరుగులో ఒక కట్ట ఉంది. మేజా ఊగుతుంటే దాని కాలి కింద పెట్టాం.

కలిపిన మందులు

రెండు మూడు మందులు ఒకే మాత్రలో కలిపినవి రాస్తే చీటీలో లెక్క తగ్గుతుంది. సర్వే పిల్లకు ఒకటే కనబడుతుంది. 2016లో 344, 2018లో 328, 2024లో 156 ఇలాంటి కలయికల్ని కేంద్రం నిషేధించింది. నిషేధం వచ్చినప్పుడల్లా రెప్రజెంటేటివ్ వచ్చి చెబుతాడు, సరుకు మారింది సార్, పేరు అదే అని. మన చెయ్యి అలవాటు పడిన పేరు మారకపోవడమే ముఖ్యం.

పెన్నుల్లాంటి కానుకలూ, సింగపూర్ టిక్కెట్లూ డాక్టర్లకు ఇవ్వకూడదని 2024 మార్చిలో కంపెనీలకు కొత్త ప్రవర్తనా నియమావళి వచ్చింది. పెన్నులు మానేశాం.

ఊడ్చే అక్క

మన ఆసుపత్రి ఊడ్చే అక్క కూడా ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. ఈ ఊళ్ళో తెలుగు అంటే మిల్లు నాయుళ్ళే అనుకుంటారు గానీ, ఈ ఊరి వీధులూ ఆసుపత్రులూ శుభ్రం చేసే అరుంధతీయుల వాడల్లోనూ తెలుగే ఉంది. మనకన్నా చక్కటి తెలుగు. పోయిన వర్షాల్లో ఆమెకు జ్వరం వచ్చింది. దుడ్లు ఇవ్వలేదు గనుక నేను పూర్తిగా పరీక్ష చేశాను. నాలుక చూశాను, గొంతు చూశాను, ఊపిరి విన్నాను, డెంగీ లక్షణాలు ఏవేవి వస్తే పరుగెత్తి రావాలో తెలుగులో విడమరిచి చెప్పాను. పారాసిటమాల్ ఆరు మాత్రలు ఇచ్చాను, నీళ్ళు బాగా తాగమన్నాను, రెండు రోజులు సెలవిచ్చాను. మూడో రోజు చీపురు పట్టుకుని వచ్చింది.

ఆ చీటీ ఎవరికీ చూపించకు. నా సర్వీసులో నైరోబీ సభవారు మెచ్చే చీటీలు అలాంటివే కొన్ని ఉన్నాయి, అన్నీ దుడ్లు ఇవ్వలేనివాళ్ళవి, ఇంకొన్ని మన ఇంట్లో పిల్లలవి.

మదురై నుంచి తేకూడనివి

నువ్వు పనిచేసిన సర్కారు ఆసుపత్రి మందుల పద్ధతి గురించి గొప్పగా చెప్పుకుంటావు. తెలుసు. 1994లో తమిళనాడు మెడికల్ సర్వీసెస్ కార్పొరేషన్ పెట్టారు. అంతకుముందు సర్కారు ఆసుపత్రుల్లో మందు ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఇప్పుడు జాబితా ఒకటి పెట్టుకుని, బ్రాండు లేకుండా మందు పేరుతోనే టెండరు పిలిచి రాష్ట్రమంతటికీ ఒకేసారి కొంటారు. ప్రతి బ్యాచినీ ల్యాబులో పరీక్ష చేయించాకే గోడౌను నుంచి వదులుతారు. ఒక్కో ఆసుపత్రికి పాసుపుస్తకం, అందులో ఎంత విలువ రాసి ఉంటే అంత సరుకు. స్ట్రిప్పు మీద ప్రభుత్వ సరఫరా, అమ్మరాదు అని ముద్ర. కేరళ, రాజస్థాన్ ఈ నమూనా చూసే తమ కార్పొరేషన్లు పెట్టుకున్నాయి. అక్కడ డాక్టరుకు జాబితాలో ఉన్నదే రాయవలసి రావడం వల్ల, అతను మంచివాడైనా కాకపోయినా చీటీ చాలావరకు దారిలో ఉంటుంది. ఇది నాకు అస్సలు నచ్చని విషయం. డాక్టరు గుణంతో పని లేకుండా పద్ధతే సరిచేస్తుంటే ఇక మన అనుభవానికి విలువేముంది?

సర్కారు చోటా లోపాలున్నాయి, ఒప్పుకో. ఓపీలో నిమిషానికొక మనిషి. వారానికి కావలసిన మందు మూడు రోజులకిచ్చి మళ్ళీ క్యూలో నిలబడమంటారు. మనం ఇక్కడ ఎక్కువ రాస్తాం, వాళ్ళక్కడ తక్కువ చూస్తారు.

ఇంకొకటి, అణ్ణానగర్ దారిలో కనబడే అరవింద్ కంటి ఆసుపత్రి గాలి నీకు సోకింది. డాక్టర్ జి. వెంకటస్వామి కీళ్ళవాతంతో వేళ్ళు వంకరపోయినా సర్కారు కొలువులో కత్తి పట్టి, 1976లో రిటైరయ్యి 11 పడకలతో అది మొదలుపెట్టారు. హాంబర్గర్లు అమ్మే మెక్‌డొనాల్డ్స్ ఎక్కడ తిన్నా ఒకేలా ఉన్నప్పుడు కంటి ఆపరేషన్ ఎందుకు ఉండదు అన్నది ఆయన వాదం. 1992లో ఆరోల్యాబ్ పెట్టి కంట్లో పెట్టే కటకాలు మదురైలోనే చేయించి, విదేశీ ధరను నేలకు దింపారు. దుడ్లిచ్చేవాడికీ ఇవ్వనివాడికీ అదే పద్ధతి, అదే డాక్టర్లు. ఈ కథ వినడానికి బాగుంటుంది, పుస్తకాలు కూడా వచ్చాయి. మన నర్సింగ్ హోమ్‌కు దీన్ని తెచ్చావంటే ఒకే రోగానికి నేనూ, నువ్వూ, సాయంత్రం వచ్చే విజిటింగ్ డాక్టరూ ఒకే మందు రాయవలసి వస్తుంది. అప్పుడు రోగి డాక్టరు పేరు అడగడం మానేస్తాడు.

భయం గురించి ఒక్క మాట

నవ్వులాటలు పక్కన పెట్టి ఇది విను. 1995లో సుప్రీం కోర్టు డాక్టర్లను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అప్పటినుంచి నేను చీటీ రాస్తుంటే బల్లకు అవతల రోగి పక్కన ఒక వకీలు కూడా కూర్చున్నట్టే ఉంటుంది. మందు ఇచ్చి చెడితే ఖర్మ అంటారు, ఇవ్వక చెడితే డాక్టరు అంటారు. అందుకే మూడో వాటా. ఏమీ రాయకుండా, రెండు రోజులు చూద్దాం అని చెప్పి పంపినవాళ్ళు నిద్రలో గుర్తొస్తారు, ఏడు మందులు రాసినవాళ్ళు గుర్తురారు. పుస్తకంలో దీనికి మందు లేదు. సర్వే పిల్ల కాగితంలో ఈ ప్రశ్న కూడా లేదు, ఉంటే నిజమే రాసేవాణ్ణి.

సరే, సోమవారం మంచిరోజు, చేరిపో. తెల్లకోటు మీ అత్త కుట్టించింది, జేబు పెద్దది పెట్టించింది. వచ్చేటప్పుడు ఒక పని చెయ్యి. 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా తెరిచారే ముదల్వర్ మరుందగాలు, వెయ్యి షాపులు, వాటిలో ఒకటి మీ ఇంటి దగ్గర ఉంటుంది. అందులో మీ అత్తకు రక్తపోటు మాత్రలు, చక్కెర మాత్రలు మూడు నెలలకు సరిపడా తీసుకురా. జెనరిక్కే తీసుకో, బాగా పనిచేస్తున్నాయి. ఇక్కడా ఆ షాపులున్నాయి గానీ నేను క్యూలో నిలబడితే నలుగురూ చూస్తారు. మన షాపులో తీసుకోవచ్చు కదా అంటావేమో. వాటి ధర నీకు తెలియదు, మీ అత్తకు తెలుసు.